నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చేసిన ఫోను

నా దగ్గర పనిచేసే కుర్ర డాక్టర్లకు నా మీద ఒక ఫిర్యాదు ఉంది. సర్జరీ సీట్లకు దరఖాస్తులు పెట్టే రోజుల్లో మిగతా పెద్ద డాక్టర్లంతా తమవాళ్ల కోసం ఫోన్లు చేస్తారట, నేను మాత్రం ఫోను ముట్టనట. ఉత్తరం అడిగితే రెండు పేజీలు రాసిస్తాను. ఫోను అనేసరికి ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతాను. ముసలాయనకు గీర అని చెప్పుకుంటారు. చెప్పుకోనీ. అసలు సంగతి తెలియడం కంటే అదే నాకు నయం.

ఉత్తరాలకు విలువ లేదని నాకు మాత్రం తెలియదా? ఏ ఉత్తరం విప్పినా ఒక్కడే కనిపిస్తాడు. కష్టపడతాడు, పెద్దలంటే గౌరవం, వేళకు వస్తాడు. నలభై ఉత్తరాల్లో ఆ ఒక్కడినే నలభైసార్లు చూసినవాడు ఇక ఏం చేస్తాడు, వాటిని పక్కకు నెట్టి ఫోను కోసం చూస్తాడు. పాతికేళ్లుగా తెలిసిన సర్జన్ ఫోను చేసి, ‘వీణ్ణి తీసుకో’ అంటే అక్కడితో చర్చ ముగిసిపోతుంది. నాకు సీటు వచ్చింది కూడా అలాంటి ఒక్క ఫోనుతోనే. అది జరిగింది ఒమన్‌లో.

కువైట్ గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడాది. నేను నిజ్వా వైపు ఒక ఆసుపత్రిలో సర్జరీ వార్డు మెడికల్ ఆఫీసరును. పేరు గొప్పే గాని, కట్లు కట్టడం, కుట్లు వేయడం, పెద్దాయన ఆపరేషన్ చేస్తుంటే కోత తెరిచి ఉంచే కొక్కెం పట్టుకుని నిలబడటం, అంతే పని. ఇంటి దగ్గర పీజీ ఎంట్రన్సు మూడుసార్లు రాశాను. మూడుసార్లూ సర్జరీ చేతికందినట్టే అంది జారిపోయింది. మస్కట్‌లో ఒక పెద్దాసుపత్రిలో సర్జరీ శిక్షణ పోస్టులు ఉండేవి. అక్కడ చేసిన కాలాన్ని ఇంగ్లండు పరీక్షకు లెక్కలోకి తీసుకునేవారు. మాలాంటి బయటి డాక్టర్లకు ఏడాదికి ఒకే ఒక్క పోస్టు. రెండేళ్లు దరఖాస్తు పెట్టాను, రెండేళ్లూ పిలుపే రాలేదు. ముప్పై రెండు నిండితే కాగితం కూడా తీసుకోరు. నాకు ఆ వేసవి దాటితే ముప్పై రెండు. సర్జన్ని కాలేకపోతే ఇంకేమవుతానో నేను ఆలోచించి పెట్టుకోలేదు. ఆలోచిస్తే అన్నం సయించేది కాదు.

మా పెద్దాయన, అంటే మా సర్జన్, సూడాన్ మనిషి. ఆరడుగుల పైన ఎత్తు, మెల్లగా మాట్లాడతాడు, కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడతాడు. పదేళ్లుగా సైట్లలో దెబ్బలు తగిలి వచ్చే కూలీలతో మాట్లాడి మాట్లాడి తనదంటూ ఒక ఉర్దూ తయారు చేసుకున్నాడు. అందులో వ్యాకరణం తప్ప అన్నీ ఉండేవి. మస్కట్ ఆసుపత్రిలో సీట్లిచ్చే పెద్ద సర్జనూ ఆయనా ఒకప్పుడు ఒకే గదిలో ఉండి చదువుకున్నారు. ఈయన ఫోను చేస్తే ఆయన కాదనడని అందరికీ తెలుసు. కాని ఈయన అంత తేలిగ్గా చేసే రకం కాదు. ఏడాదికి ఒక్కరికే చేసేవాడు. ఏదో ఏడాది ఎవరికీ చేయకుండా ఊరుకునేవాడు. చేసేటప్పుడు ఆ మనిషిని తన ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టుకునేవాడు. చెప్పాల్సిందంతా చెప్పి, రిసీవరు మూతికి చెయ్యి అడ్డం పెట్టి, ‘ఇందులో నేను దిద్దుకోవాల్సింది ఏమైనా ఉందా?’ అని అడిగేవాడు. లేదు అంటేనే చెయ్యి తీసి ఫోను ముగించేవాడు. మనిషి వెనకాల పొగిడినా తిట్టినా ఒకటే అని ఆయన అభిప్రాయం.

ఆ ఏడాది ఆ కుర్చీ నాదేనని నర్సులు కూడా అనుకోవడం మొదలుపెట్టారు. నేనూ అనుకున్నాను. సరిగ్గా అప్పుడే అతను వచ్చాడు.

రోడ్డు కంపెనీలో కూలీ, కల్వర్టు దగ్గర కాంక్రీటు పోసే షట్టరింగ్ పలకల మీంచి పడ్డాడు. ఎడమ ముంజేతిలో రెండెముకలూ విరిగాయి. నలభై దాటిన మనిషి, తల సగం నెరిసింది. నొప్పికి పళ్లు బిగబట్టుకుని ‘అవ్వా’ అన్నాడు. మా వైపు అమ్మను అలాగే పిలుస్తారు, ఆ ఒక్క మాటకు నేను తిరిగి చూశాను. ఏ ఊరని అడిగితే మా ఊరికి నాలుగు బస్‌స్టాపుల అవతల ఊరు చెప్పాడు. కాలేజీలో కష్టపడి వదిలించుకున్న నా యాస ఆ క్షణంలో పరిగెత్తుకుంటూ వచ్చి నాలుక మీద కూర్చుంది. ‘ఏం కాదన్నా, నేను చూసుకుంట’ అన్నాను. అతని ముఖంలో భయం సగం పోయింది.

పెద్దాయన థియేటర్‌లో ఏదో పెద్ద ఆపరేషన్‌లో ఉన్నాడు. ఎముకలు నేనే సరిచేశాను. ఎక్స్‌రే చూస్తే రెండూ అతికించినట్టు కూర్చున్నాయి. మోచేతి పైదాకా పిండికట్టు వేశాను. నా జీవితంలో అంత నున్నటి కట్టు అంతకుముందు వేయలేదు. మా వార్డులో ఒక నియమం ఉంది. ముంజేతికి కొత్తగా వేసిన కట్టును పొడుగునా చీల్చి వదులు చేయాలి, మనిషిని మర్నాటిదాకా పడకలో ఉంచి వేళ్లు చూస్తుండాలి. లోపల వాపు వస్తే కట్టు బిగిసి, రక్తం అందక కండ చచ్చిపోతుంది. ఇది నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయినా నా నున్నటి కట్టును చీల్చబుద్ధి కాలేదు. పెద్దాయన వచ్చి చూశాక చీల్చుదాం అనుకున్నాను.

ఈలోపు కంపెనీ పికప్ వచ్చి బయట హారన్ కొడుతోంది.

“పోత సారు,” అన్నాడతను. “ఇయ్యాల బండిల పోకపోతే రేపు ఆబ్సెంటు ఏస్తరు. ఫోర్‌మన్ పేరు రాసుకుంటడు. నిరుడు గట్లనే ఇద్దరిని వీసా క్యాన్సిల్ జేసి ఇంటికి తోలిండ్రు.”

“ఒక్క దినం ఉండాలె అన్నా. రూల్ ఉంది.”

“నువ్వున్నవు గద సారు. మనోడివి. నువ్వు పొమ్మంటే ఎవ్వడేమంటడు?”

ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. మనవాడికి ఉపకారం చేస్తున్నాననే అనుకున్నాను. మాత్రలు చేతిలో పెట్టి, చెయ్యి ఎత్తులో పెట్టుకుని పడుకోమని చెప్పాను. గుమ్మం దగ్గర ఆగి, “వేళ్లు మొద్దుగున్నయి సారు” అన్నాడు. “మత్తు సూది ఇంకా దిగలే. నొప్పి ఒక రెండు దినాలుంటది, ఓర్చుకో” అన్నాను. పికప్ వెనక ఎక్కి కూర్చుని, కుడిచెయ్యి ఎత్తి నాకు దండం పెట్టినట్టు ఊపాడు.

రెండు రోజులు ఉంటుందన్నాను కదా, రెండు రోజులు ఓర్చుకున్నాడు. రూమ్‌లో తోటివాళ్లు ఆసుపత్రికి పోదాం పదమంటే, మా సారు రెండు దినాలన్నడు అని వాళ్లనే కసిరాడట. మూడోనాడు పొద్దున తీసుకొచ్చారు. కట్టులోంచి బయటికి కనిపిస్తున్న వేళ్లు ఉబ్బి, చల్లగా, పాలిపోయి ఉన్నాయి. చూపుడువేలు కొద్దిగా నిటారుగా లాగితే గొడ్డులా అరిచాడు. ఆ అరుపు విని పక్క గదిలోంచి పెద్దాయన వచ్చాడు. కత్తెర అందుకుని ఆ నున్నటి కట్టును ఆయనే కోసేశాడు.

గంటలోపే థియేటర్‌లో ఉన్నాం. ముంజెయ్యి పొడుగునా చర్మం తెరిచాడు. ఎర్రగా ఉండాల్సిన కండ చాలాచోట్ల బూడిద రంగులో ఉంది. పట్టకారుతో గిల్లితే కదలలేదు. చచ్చిన కండను కొంచెం కొంచెంగా తీస్తూ పోయాడు, నేను పక్కన నిలబడి పట్టుకోమన్నది పట్టుకుంటూ పోయాను. చెయ్యి మిగిలింది. వేళ్లు ఇక ముడుచుకుపోతాయని, ఆ చేత్తో దేన్నీ పట్టుకోలేడని మా ఇద్దరికీ అప్పుడే తెలుసు.

చేతులు కడుక్కుంటూ మెల్లగా అడిగాడు. “ఆ రోజు ఇతన్ని ఎవరు పంపించారు?”

“నేను వద్దన్నాను సార్. బండి వచ్చిందని తనే వెళ్లిపోయాడు.”

ఈ మాట ముందుగా అనుకుని అన్నది కాదు. కుళాయి కింద చేతులుండగా నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకునే వీలు చాలాసేపు ఉంది. ఆయన తువ్వాలు తీసుకునేదాకా, గౌను విప్పేదాకా, తలుపు దాకా నడిచేదాకా ఉంది. తలుపు దగ్గర ఆయన ఆగి, “సొంత పూచీ మీద వెళ్తున్నట్టు కాగితం తీసుకున్నావా?” అన్నాడు. తీసుకున్నానన్నాను. ఇక ఆ కాగితం పుట్టించక తప్పలేదు.

ఆ మధ్యాహ్నమే ఫారం పట్టుకుని వార్డుకు పోయాను. అతను మగతగా ఉన్నాడు. “అన్నా, హాస్పిటల్ కాగితం, ఒక వేలు పెట్టాలె” అన్నాను. ఎడమచెయ్యి నిండా కట్టు. కుడి బొటనవేలికి సిరా నేనే రాశాను. అతను దాన్ని ఫారం మీద పెట్టాడు. బయటికొచ్చి అతన్ని పంపించిన నాటి తేదీ వేశాను. అంకెలు ఎప్పటిలాగే గుండ్రంగా, పొందికగా పడ్డాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మర్నాడు రౌండ్స్‌లో పెద్దాయన అతని మంచం మీద కూర్చుని, తన ఉర్దూలో సూటిగా అడిగాడు. “ఉస్ దిన్ తుమ్ ఖుద్ గయా? డాక్టర్ నహీ భేజా?” నువ్వే వెళ్లావా, డాక్టరు పంపించలేదా అని. నేను ఆయన వెనక కేస్‌షీటు పట్టుకుని నిలబడ్డాను. అతను ఆయన భుజం మీదుగా నన్ను చూశాడు. నేను కేస్‌షీటులోకి తల దించుకున్నాను.

“హా సాబ్,” అన్నాడు. “మై ఖుద్ గయా.”

రౌండ్స్ అయ్యాక ఒక్కణ్ణే వెళ్లాను. ఎందుకు అలా చెప్పావని అడిగే ముఖం కూడా లేదు, అయినా అడిగాను.

“గా కాగితం గిందుకేనని నాకు తెల్వదా సారు?” అన్నాడు. “పదిహేనేండ్ల సంది గల్ఫ్‌ల ఉన్న. వేలు పెట్టుమన్నప్పుడే సమజైంది. నా చెయ్యి ఎట్లయినా గింతే. ఇగ నీ డ్యూటీ గూడ పోతే ఏమొస్తది? పోత అని అడిగింది నేనే గద.”

అప్పుడు నేను ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు. నిజం చెప్పాలంటే ముందు ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గు ఆ తర్వాత వచ్చింది.

అప్పటినుంచి రోజూ డ్యూటీ దిగాక అతని దగ్గర కూర్చుని ముడుచుకుంటున్న ఆ వేళ్లను ఒక్కొక్కటే పట్టి మెల్లగా సాగదీసేవాణ్ణి. గంటసేపు పట్టేది. అతను ఊరి కబుర్లు చెప్పేవాడు, పెసలు ఎలా పండాయో, బోరు ఎంత లోతుకు పోయిందో. నేను ఊకొట్టేవాణ్ణి. వేళ్లు చెప్పిన మాట వినలేదు. రోజురోజుకూ అరచేతిలోకి ముడుచుకుంటూనే పోయాయి.

నెల తిరక్కముందే పెద్దాయన నన్ను గదికి పిలిచి కుర్చీ చూపించాడు. పాలు లేని టీ రెండు కప్పులు తెప్పించాడు. మస్కట్ నంబరు తిప్పి, కాసేపు పాత స్నేహితుడితో అరబ్బీలో నవ్వులాడి, తర్వాత నాకు అర్థం కావాలని ఇంగ్లీషులోకి మారాడు.

“నా ఎదురుగానే కూర్చున్నాడు. చేతులు మామూలు చేతులే, ఇంతకంటే మంచివి చూశాను. చేతులు నువ్వు నేర్పిస్తావు.” అవతల ఏదో అడిగారు. “అవును, ఒక కేసు చెడింది. ముంజెయ్యి. అతని తప్పు కాదు, రోగి తనే లేచి వెళ్లిపోయాడు. కాగితం ఉంది, అయినా నేను రోగినే అడిగాను. ఒక మాట చెప్తాను విను. రోజూ డ్యూటీ అయ్యాక వెళ్లి ఆ మనిషి వేళ్లు పట్టుకుని గంట కూర్చుంటున్నాడు. తనది కాని తప్పుకు ఇంత బాధపడే కుర్రాణ్ణి నువ్వు ఎక్కడైనా చూశావా? ఈ రెండేళ్లలో నాకు అబద్ధం చెప్పలేదు. నాకు అది చాలు.”

రిసీవరు మూతికి చెయ్యి అడ్డం పెట్టాడు. నా వైపు చూశాడు. “నేను దిద్దుకోవాల్సింది ఏమైనా ఉందా?”

గోడమీది ఏసీ గురగురలాడుతోంది. నేను చెప్పాల్సింది రెండే రెండు మాటలు. నేనే పంపించాను. ఇంతే. అవి నోటిదాకా వచ్చాయని రాసుకుంటే నాకు కొంచెం గౌరవంగా ఉంటుంది, కాని రాలేదు. నాకు అప్పుడు కనిపించినదల్లా ముప్పై రెండు అనే అంకె.

“లేదు సార్.”

ఆయన చెయ్యి తీసి, “తీసుకో” అని ఫోనులో అన్నాడు. ఉత్తరం రావడానికి రెండు వారాలు పడుతుందని నాతో చెప్పి, టీ చల్లారిపోతోంది తాగమన్నాడు. తాగాను.

ఉత్తరం కోసం చూస్తున్న ఆ రోజుల్లోనే అతను మళ్లీ వచ్చాడు. డిశ్చార్జి అయి క్యాంపులో ఉంటున్నాడు. చేతిరుమాలులో చుట్టుకున్న ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని నా గదిలో కూర్చున్నాడు. కంపెనీవాళ్లు క్యాన్సిల్ కాగితాలు తయారు చేస్తున్నారట. క్యాంపు గేటు దగ్గర వాచ్‌మన్ పని ఖాళీగా ఉందట. దానికి ఒక చెయ్యి చాలు.

“ఒక్క ఫోన్ జెయ్యి సారు మేనేజర్‌కు,” అన్నాడు. “డాక్టర్ చెప్తే ఇంటడు. నువ్వు చెప్తే అయితది.”

కాదనలేకపోయాను. అతని ఎదుటే నంబరు తిప్పాను. ఆ మేనేజర్ మర్యాదస్తుడే, గొంతు విసుగ్గా లేదు. మనిషి నమ్మకస్తుడని, పదిహేనేళ్ల అనుభవమని, ఒక చేత్తో గేటు పని చేయగలడని చెప్పాను. ఇంగ్లీషులో, నాకు చేతనైనంత బాగా చెప్పాను. మధ్యమధ్యలో తన కంపెనీ పేరు, క్యాంపు మాట వినబడితే అతను తలూపుతున్నాడు.

“డాక్టర్, నాకు ఒక్కటే చెప్పండి,” అన్నాడు మేనేజర్. “ఆసుపత్రి పంపిస్తే వచ్చాడంటే అది సైట్‌లో జరిగిన ప్రమాదం కిందే లెక్క. ఉంచుకోమని మా పైవాళ్లతో నేను కొట్లాడతాను. తనంతట తను లేచి వచ్చేశాడంటే నా చేతిలో ఏమీ లేదు. కాగితం చూశాను. కాని ఈ కాగితాలు ఎలా పుడతాయో నాకూ తెలుసు. మీ నోటితో చెప్పండి, మీ మాటే రాసుకుంటాను. అతనే వెళ్లిపోయాడా?”

నేను అతన్ని చూశాను. అతను నన్ను చూసి చిన్నగా నవ్వాడు, పని ఎంతవరకు వచ్చిందన్నట్టు.

“అవును,” అన్నాను. “అతనే వెళ్లిపోయాడు.”

ఫోను పెట్టేశాక, “ఏమన్నడు సారు?” అని అడిగాడు.

“చూస్తనన్నడు అన్నా.”

“మస్తు సేపు మాట్లాడినవు నా కోసం,” అన్నాడు లేస్తూ. “అయినా కాకున్నా నీ పయత్నం నువ్వు జేసినవు. క్యాంపుల అందరికి చెప్త సారు, హాస్పిటల్‌ల మనోడొకడున్నడని. ఎవనికి ఏ దెబ్బ తగిలినా నీ తానికే పొమ్మంట.”

పది రోజులకు అతన్ని విమానం ఎక్కించారు. ఆ తర్వాత నాలుగు రోజులకు మస్కట్ నుంచి నా ఉత్తరం వచ్చింది. అతను అన్నట్టే క్యాంపులో అందరికీ చెప్పి వెళ్లాడు. నేను మస్కట్ బస్సెక్కే రోజుదాకా ఆ కంపెనీవాళ్లు ఎవరికి దెబ్బ తగిలినా, మిగతా డాక్టర్లు ఖాళీగా ఉన్నా, నా గది ముందే వచ్చి కూర్చునేవాళ్లు.